అద్దాల బీరువాలో ఐగుప్తు

నా మొదటి బిడ్డ పదకొండో నెలలో జ్వరంతో పోయాడు. మూడో రోజు పొద్దున్నే నేను తోటలోకి పనికి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. రబ్బరు చెట్లకు గాటు పెట్టే కత్తి గోడకు వేలాడుతోంది. తీసుకుని వెళ్ళాను.

మలయాలో సుంగై పెటాని ఊరికి ఐదారు మైళ్ళ అవతల ఉండేది మా రబ్బరు తోట. నేను అక్కడే కూలీల లైను ఇళ్ళలో పుట్టాను. మా నాన్న మాత్రం విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చినవాడు. తోటలో వడ్రంగం చేసేవాడు. ఆదివారం మా ఇంటి ముందు పది కుటుంబాలను కూర్చోబెట్టి ప్రార్థన నడిపేవాడు. బిడ్డను పాతిపెట్టినప్పుడు వాక్యం చదివింది కూడా ఆయనే. నేను పెట్టె మూత మీద మేకులు సరిగ్గా దిగాయా లేదా అని చూస్తూ నిలబడ్డాను. ఆ పెట్టె కూడా ఆయన చేసిందే.

నాకు ఏడుపు రాలేదు. పక్కింటి ముసలామె వచ్చి, పాలు ఎండిపోవడానికి రొమ్ముకు మల్లెపూలు కట్టి, నా మొహంలోకి చూసి, "ఏడు తల్లీ, ఏడిసేస్తే తేలికౌతాది" అంది. నేను సరేనన్నాను. ఆమె కాసేపు ఎదురుచూసి వెళ్ళిపోయింది.

తోటలో ఒక వారం గడిచిందో రెండు వారాలు గడిచాయో తెలియదు. ఒక పొద్దున మా గుంపును నడిపే కంగాణి నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. ఆయనా మన తెలుగాయనే, కటువుగా మాట్లాడేవాడు గాని చెడ్డవాడు కాదు.

"ఓలమ్మీ, ఏటిది? తొక్కతోటి ఆగకుండా కర్రదాకా కోసేసినావు. ఈ సెట్టు ఇంక పనికొస్తాదేటి?"

"సూసుకోనేదు."

"సెట్టు సంగతి సరే. నీ సెయ్యి సూసుకో."

చూసుకున్నాను. బొటనవేలు తెగి నెత్తురు మోచేతి దాకా కారి ఎండిపోయింది. ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు. కంగాణి తన తలగుడ్డ అంచు చింపి కట్టాడు.

"కొన్నాళ్ళు బంగళాలో పని సెయ్యి," అన్నాడు. "దొర తల్లి ఒచ్చినాది గదా, ముసలి దొరసాని. ఆవిడికి కళ్ళు సరిగా ఆనవంట. పక్కన ఒక ఆడమనిసి కావాలంటన్నారు. నాను సెప్తాను."

అలా నేను బంగళాకు వెళ్ళాను.

ముసలి దొరసాని పొడుగ్గా, ఎండిన వెదురులా ఉండేది. కళ్ళలో పాలపొర. ఇంట్లో కూడా తెల్ల బూట్లు వేసుకునే తిరిగేది. ఆమె భర్త ఎక్కడో ఎడారి దేశంలో ఒక కాలువ మీద పని చేశాడనీ, ముప్పై ఏళ్ళు వాళ్ళు అక్కడే ఉన్నారనీ, ఆయన పోయాక కొడుకు దగ్గరకు వచ్చిందనీ చైనా వంటమనిషి చెప్పాడు. ఆమె మాతో మలాయి భాషలో మాట్లాడేది. ఆ ఎడారి దేశంలో నేర్చుకున్న మాటలు కొన్ని మలాయిలోనూ ఉన్నాయట. మాట దొరకని చోట వేళ్ళతో చెప్పేది. నాకు మలాయి కాస్త వచ్చు, తమిళం బాగా వచ్చు. ఇద్దరం ఎలాగో నెట్టుకొచ్చాం.

ఆమె గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో ఇరవై చిల్లర బొమ్మలు. రాతివి, మట్టివి, కంచువి, ఒకటి నల్ల కొయ్యది. మా దగ్గర గాలికే బూజు పడుతుంది కదా, రోజూ వాటిని బయటికి తీసి మెత్తని గుడ్డతో తుడవడం నా పని. తుడిచినదాన్ని ఆమె చేతిలో పెట్టాలి. ఆమె వేళ్ళతో తడిమి, అది ఎవరో చెప్పి, తిరిగి ఇచ్చేది. కళ్ళు పోతున్నకొద్దీ వాళ్ళను మరిచిపోతానేమోనని భయం అని ఒకసారి అంది.

మొదటి రోజు నల్ల కొయ్యబొమ్మను ఇచ్చాను. చెవులు నిక్కబొడుచుకుని పడుకున్న జంతువు.

"కుక్క," అన్నాను.

"నక్క," అంది ఆమె. "అనూబిస్. చచ్చిపోయినవాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే దేవుడు. అక్కడ ఎడారిలో నక్కలు సమాధుల దగ్గర తిరుగుతాయి. అందుకని కాపలా కూడా వాటికే అప్పగించారు."

నేను నక్కను ఎప్పుడూ చూడలేదు. ఈ దేశంలో లేవు. మా నాన్న తన ఊళ్ళో అవి ఎలా కూస్తాయో చిన్నప్పుడు కూసి చూపించేవాడు. ఆ బొమ్మను పట్టుకుని నేను ఏమీ అనుకోలేదు. చెవి సందులో బూజు ఉంటే చీపురుపుల్లకు గుడ్డ చుట్టి తీశాను.

అలా రోజుకొకరు తెలిశారు. బాస్టెట్ అనే పిల్లి దేవత, చెవులకు పోగులతో. ఇంట్లో పిల్లి చచ్చిపోతే ఆ ఊరివాళ్ళు కనుబొమ్మలు గొరిగించుకునేవారట. పేడ ఉండను దొర్లించుకుంటూ పోయే పురుగు కూడా వాళ్ళకు దైవమే. సూర్యుణ్ణి రోజూ ఆకాశం మీద దొర్లించేది అదేనట. తవరెట్ అనే దేవతకు నీటిగుర్రం ఒళ్ళు, జారిన రొమ్ములు, ముందుకు పొడుచుకొచ్చిన కడుపు. కాన్పు అయ్యే ఆడవాళ్ళకు ఆమె కాపలా. ఇవి కాక అడుగు అరలో వేలెడంత మనుషులు ఆరుగురు, చేతుల్లో పారలతో, వరసగా ఉండేవారు.

"వీళ్ళు దేవుళ్ళేనా?" అని అడిగాను.

"కాదు, కూలీలు," అంది దొరసాని. "చచ్చిపోయిన యజమానితో పాటు సమాధిలో పెడతారు. అవతలి లోకంలో పొలం పని పడితే యజమాని పేరు పిలుస్తారు. అప్పుడు అతని బదులు వీళ్ళు లేచి, 'ఇదిగో, వచ్చాను' అనాలి."

ఆ మాట ఇంటికి వెళ్ళి మా ఆయనతో చెప్పాను. మా తోటలో తెల్లారేసరికి అందరం వరసల్లో నిలబడి, పేరు పిలిస్తే పలకాలి. దాన్ని పెరట్టు అనేవాళ్ళం. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు.

"సచ్చినా పెరట్టు తప్పదన్నమాట!" అని పకపకా నవ్వాడు.

బిడ్డ పోయాక మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. నవ్వి, వెంటనే తప్పు చేసినవాడిలా నా వంక చూశాడు. నాకు కోపం రాలేదు, సంతోషమూ కలగలేదు. రోడ్డు మీద నుంచి ఎవరింట్లోకో తొంగి చూసినట్టు చూశాను.

ఆ బొమ్మలది ఏ దేశమో నాకు చాలా రోజులు తెలియదు. దొరసాని 'మెసిర్' అనేది. అది ఎక్కడుందో నేను అడగలేదు. ఒకరోజు రాతి తలకాయను తుడుస్తుంటే, "వీడు రాజు, ఫిరౌన్," అంది.

నా చెయ్యి ఆగింది. "ఫరోనా?" అన్నాను. "నీళ్ళు నెత్తురైన ఊరు? కప్పలు, మిడతలు?"

"అదే," అంది దొరసాని. "నీకెలా తెలుసు?"

ఎందుకు తెలియదు? పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. నాన్న చదివే బైబిల్లో అది ఐగుప్తు. బానిసలు ఇటుకలు చేసిన దేశం. ఆ బీరువాలో ఉన్నవాళ్ళంతా దేవుడు ఓడించిన ఐగుప్తు దేవతలు. నేను రెండు నెలలుగా వాళ్ళ చెవులు, ముక్కులు శుభ్రం చేస్తున్నాను.

ఈ సంగతి నాన్నకు వంటమనిషి వల్ల తెలిసిందో, నేనే ఎక్కడైనా నోరు జారానో, ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్న నన్ను ఇంటి వెనక్కి పిలిచాడు.

"ఐగుప్తు బొమ్మలకి సేవ సేస్తన్నావంట. నిజవేనా?"

"తుడుస్తన్నాను, నాన్నా. మొక్కడం నేదు."

"తుడిసినా ఒకటే, మొక్కినా ఒకటే. ఆటి మీద దేవుడు తీర్పు తీర్సినాడు. తొలిసూలు బిడ్డ బతికిన ఇల్లు ఆ దేశంలో ఒక్కటి మిగల్లేదు. తెలుసా నీకు?"

"నా ఇల్లూ మిగల్లేదు గదా నాన్నా," అన్నాను.

ఎత్తిపొడవాలని అనలేదు. పొయ్యిలో కట్టెలు అయిపోయాయని చెప్పినట్టే చెప్పాను. నాన్న బైబిలును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. తర్వాత చాలా రోజులు ఆ ఊసు ఎత్తలేదు. నేను పని మానలేదు.

అయితే తొలిచూలు బిడ్డల మాట నాలో ఉండిపోయింది. ఒకరోజు దొరసాని గుండెను తూచే కథ చెప్పింది. మనిషి పోయాక అనూబిస్ ఒక త్రాసు ముందుకు తీసుకెళ్తాడు. ఒక తట్టలో ఆ మనిషి గుండె, రెండో తట్టలో మాత్ అనే సత్యదేవత ఈక. కొంగ తల ఉన్న థోత్ పక్కన నిలబడి రాసుకుంటాడు. గుండె బరువైతే, మొసలి తల, సింహం జూలు, నీటిగుర్రం నడుము ఉన్న ఒక మృగం అక్కడికక్కడే దాన్ని మింగేస్తుంది. మలాయిలో గుండెను 'హాతి' అంటారు. బజారులో కోడి కార్జాన్నీ అదే మాటతో అడుగుతాం. నేను చాలాసేపు కార్జాన్ని తూస్తున్నారనే అనుకున్నాను. దొరసాని రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించాక గాని అర్థం కాలేదు.

"పసిబిడ్డ గుండెనూ తూస్తారా?" అన్నాను.

"తెలియదు. అలాంటి బొమ్మ నేను చూడలేదు."

"తొలిచూలు బిడ్డలందరూ చచ్చిపోయిన రాత్రి వీళ్ళంతా ఏం చేశారు? కాన్పులకు కాపలా కాసే ఆమె ఉంది కదా. ఆమె ఏం చేసింది?"

ఆమె పాలపొర కళ్ళు నా వైపు తిరిగాయి. చేతిలో ఉన్న తవరెట్ బొమ్మ కడుపు మీద బొటనవేలు రాస్తూ కూర్చుంది. నేను పీట మీద మిగతావాళ్ళను తుడిచి లోపల పెట్టేశాను.

నేను పగలగొట్టింది ఐసిస్‌ను. నీలం మెరుపున్న మట్టిబొమ్మ, జానెడు ఎత్తు. కుర్చీలో కూర్చుని ఒడిలో కొడుకు హోరస్‌కు పాలిస్తూ ఉంటుంది. దొరసానికి అన్నిటిలోకి అదే ఎక్కువ ఇష్టం. భర్తను అతని తమ్ముడే పెట్టెలో మూసి నదిలో పారేస్తే, ఐసిస్ ఆ పెట్టె కోసం దేశాలు తిరిగిందట. ఒక ఊళ్ళో బావి దగ్గర కూర్చుండిపోయి ఎవ్వరితోనూ మాట్లాడలేదట. చివరికి ఆ ఊరి రాణి బిడ్డకు ఆయాగా కుదిరిందట.

"అంత పెద్ద దేవత, పరాయి ఇంట్లో పని చేసింది," అని దొరసాని చెబుతోంది. నేను వింటున్నాను. బయట వాన పడుతోంది. బొమ్మ నా చేతిలో ఉంది. తర్వాత నేల మీద ఉంది. జారిందా, వదిలేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. తల్లి పగల్లేదు. బిడ్డ మాత్రం ఒడిలోంచి ఊడి మంచం కిందికి దొర్లిపోయాడు.

చప్పుడుకు కచేరీ గదిలో ఉన్న దొర వచ్చాడు. ఇంగ్లీషులో గట్టిగా ఏదో అని, నన్ను తలుపు వైపు చూపించాడు. ముసలి దొరసాని రెండే మాటలు అంది. ఆయన వెళ్ళిపోయాడు.

"ఎక్కడ విరిగింది?" అని అడిగింది ఆమె.

చెప్పాను.

"అతికించగలవా?"

వానలోనే వెళ్ళి, దగ్గరి రబ్బరు చెట్టుకు కట్టిన కప్పులోంచి కొబ్బరిచిప్పలో పాలు తెచ్చాను. వాననీళ్ళు కలిసి పలచబడ్డాయి. చిక్కబడేదాకా ఊదుతూ కూర్చుని, విరిగిన చోట రాసి, ఆ వేలెడంత బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పట్టుకున్నాను. వదిలితే జారిపోతాడు. అందుకని పట్టుకునే కూర్చున్నాను. చాలాసేపు. చేతులు తిమ్మిరెక్కాయి. దొరసాని పక్కన కుర్చీలో కూర్చుంది.

"నాకూ ఒక కూతురు ఉండేది," అంది. "నాలుగేళ్ళు. అక్కడే పోయింది. అక్కడే పాతిపెట్టాం."

"మీరు ఏడ్చారా?"

"లేదు. ఆ మధ్యాహ్నం కిటికీ తెరలకు కొలతలు తీసుకున్నాను. అంగుళం తేడా రాలేదు. తెరలు చాలా బాగా కుదిరాయి."

నేను ఆమె మొహం చూశాను. అక్కడ ఏడుపు లేదు. నా మొహం కూడా బయటికి ఇలాగే కనబడుతుందని ఆ రోజు తెలిసింది.

"తర్వాత వచ్చిందా?" అన్నాను.

"ఏది?"

"ఏడుపు."

"కొంచెం," అంది. "ఎప్పుడో, దేనికో. నువ్వు దాని కోసం ఎదురుచూడకు. నువ్వు మొన్న అడిగావు కదా, ఆ రాత్రి వీళ్ళు ఏం చేశారని. ఏమీ చెయ్యలేదు. ఎవ్వరూ ఏమీ చెయ్యలేదు. అయినా వీళ్ళను వదలలేకపోయాను. నా కూతురు వీళ్ళతో ఆడుకునేది."

బిడ్డ అతుక్కున్నాడు. అతుకు మొదట తెల్లగా ఉండి, నాలుగు రోజులకు పసుపు తిరిగి, తర్వాత నల్లబడింది.

ఆ తర్వాతి ఏడాది నాకు మళ్ళీ నెల తప్పింది. నేను చెప్పకముందే దొరసాని నా నడక చప్పుడులో పట్టేసింది. తవరెట్‌ను బీరువాలోంచి తీయించి, నేను కూర్చునే పీట పక్కన, కిటికీ గట్టు మీద పెట్టించింది.

"ఈమె అందంగా ఉండదు," అంది. "అందంగా ఉండటం ఈమె పని కాదు. కావాలంటే ఇంటికి తీసుకెళ్ళు."

"వద్దు," అన్నాను. నాన్నకు భయపడి కాదు. ఒక బొమ్మను నమ్ముకునేంత ఆశ కూడా నాలో లేదు. ఆమె బలవంతపెట్టలేదు. కిటికీ గట్టు మీదే ఉంచింది.

వానల నెలల్లో ఆమెకు రొమ్ము పడిశం పట్టి పది రోజుల్లో పోయింది. ఊళ్ళో దొరల సమాధుల దగ్గర పాతిపెట్టారు. పనివాళ్ళం గేటు దగ్గర నిలబడ్డాం. నా కాళ్ళు వాచి ఉన్నాయి. ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు కూర్చుంటానా అనే ఆలోచించాను. అంత మంచిగా చూసుకున్న మనిషి మీద నాకు వచ్చిన ఆలోచన అదే. ఇప్పుడు ఇది రాసేటప్పుడు దాన్ని మార్చి రాయబుద్ధి కాలేదు.

బొమ్మలను ఓడలో తమ సీమకు పంపించాలని దొర అన్నాడు. పెట్టెలు చెయ్యడానికి నాన్నను పిలిపించారు. నాన్న పెట్టెల మూతలకు కొలతలు చూసుకుంటూ బంగళా వరండాలో కూర్చున్నాడు, బయటికి తెచ్చి పెట్టిన బీరువా వైపు వీపు పెట్టి. నేను ఒక్కొక్క బొమ్మనూ గుడ్డలో చుట్టి రంపంపొట్టులో పెడుతున్నాను. కాసేపటికి ఆయన అటు తిరగకుండా ఉండలేకపోయాడు.

"అదేటి?"

"తల్లీ బిడ్డా."

"మద్దిన ఆ నల్లదేటి?"

"ఇరిగిపోనాది. నానే ఇరగ్గొట్టినాను. రబ్బరు పాలతోటి అతికినాను."

నాన్న లేచి వచ్చి ఐసిస్‌ను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ముట్టుకుంటాడని నేను అనుకోలేదు. అతుకును వడ్రంగి చూసినట్టే చూశాడు. గోటితో గీరి, ఊపి, బిడ్డ కదలడం లేదని నిర్ధారించుకున్నాడు. చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

"ఆ దినాన్న ఆ మాట అనకుండా ఉండాల్సింది నాను," అన్నాడు చివరికి, బొమ్మ వైపే చూస్తూ. "తొలిసూలు బిడ్డల మాట."

"సర్లే నాన్నా."

"సర్లే కాదు." బొమ్మను నా చేతిలో పెట్టాడు. "దీన్ని అంచున పెట్టకు. మద్దిన పెట్టు. సుట్టూ మెత్తగుండాల."

మధ్యలోనే పెట్టాను. ఆయన మూతకు మేకులు కొట్టాడు. రెండెడ్ల బండి పెట్టెలను స్టేషనుకు తీసుకుపోయింది.

నాకు కూతురు పుట్టింది. కాన్పు తేలికగానే అయింది. పిల్లకు పాలిచ్చాను, స్నానం పోశాను, జోల పాడాను. ఎవరి బిడ్డనో నమ్మకంగా చూసుకునే ఆయాలా చూసుకున్నాను. నా వల్ల ఏ లోపమూ జరగలేదు. అంతకుమించి ఏమీ లేదు. మా ఆయన పిల్లను ఎత్తుకుని ఆడిస్తుంటే పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టేదాన్ని. వంటలో ఉప్పు చేతి కొలతతోనే వేసేదాన్ని, నాలుకకు రుచి తెలిసేది కాదు.

రబ్బరు ధర పడిపోయి తోటలో సగం చెట్లకు గాటు ఆపేశారు. చాలామందిని ఓడ ఎక్కించి ఇండియా పంపేశారు. నాన్న నా దగ్గరే ఉంటానన్నాడు. మా ఆయనకు కౌలాలంపూర్‌లో రైల్వే పని దొరికింది. ఆ ఊరి బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో రైల్వే వాళ్ళ ఇళ్ళలో ఒక గది ఇచ్చారు. పిల్లకు అప్పటికి రెండేళ్ళు దాటాయి.

అక్కడ ఒకరోజు పొద్దెక్కాక కుళాయి దగ్గర బిందె నింపుతున్నాను. పిల్ల నా చీర పట్టుకునే ఉంది. బిందె ఎత్తి చూసేసరికి లేదు. రోడ్డు వైపు చూస్తే, ఇటుకల బండికి ఎదురుగా, ఎద్దు ముక్కు ముందర నిలబడి దాని మూతి పట్టుకోవాలని చెయ్యి చాస్తోంది. బండివాడు పగ్గాలు గుంజాడు. చక్రం పిల్లకు బారెడు దూరంలో ఆగింది.

నేను బిందె వదిలేసి పరుగెత్తాను. పిల్లను చంకనేసుకుని ఆ బండివాణ్ణి తిట్టాను. తమిళంలో తిట్టాను, మలాయిలో తిట్టాను, ఆ రెండూ చాలక తెలుగులో తిట్టాను. నాకు వచ్చునని నాకే తెలియని మాటలు. పాపం, అతని తప్పేమీ లేదు. బండి ఆపిందే అతను. తలగుడ్డ చేతిలో పట్టుకుని, "సరి తాయీ, సరి" అంటూ నిలబడ్డాడు. వీధి అంతా బయటికి వచ్చింది. నా గొంతు బొంగురుపోయేదాకా నేను ఆపలేదు. పిల్ల నా మెడ పట్టుకుని ఏడుస్తోంది. దాని ఏడుపు నా చెవిలో గట్టిగా, వేడిగా ఉంది.

నాన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. నేను దగ్గరికి వచ్చాక, "నీ గొంతు ఇన్నాళ్ళకి ఇన్నాను" అన్నాడు. అని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని నా వంక చూశాడు.

"ఏటే, ఈయాల పులుసులో ఉప్పెక్కువైనాది."

"సూడనీ," అని ఆయన పళ్ళెంలోంచే ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. నిజమే. చాలా ఎక్కువైంది.